ఓస్లా సున్నం వేయని ఏడు

ప్రతి ఏడూ మే నెలలో, వాన లేని మొదటి రోజున, ఓస్లా హాల్‌క్రో నిచ్చెన భుజాన వేసుకుని గుట్ట ఎక్కేది. వెంట సున్నం బకెట్టు, పొడుగాటి కర్రకి కట్టిన కుంచె. గుట్ట మీద ఉన్నది ఇల్లు కాదు, ఒకప్పటి ఇల్లు. తాతగారి కాలంలోనే దాని పైకప్పు గాలికి ఎగిరిపోయింది. పక్కగోడల రాళ్ళు గొర్రెల దొడ్లకి తరలిపోయాయి. సముద్రం వైపు ముఖం పెట్టుకుని నిలబడ్డ ముక్కోణపు గోడ ఒక్కటే మిగిలింది. కాపురం లేని ఆ ఒంటి గోడకి ఆవిడ నలభై నాలుగేళ్ళు సున్నం వేసింది. వానకి కొట్టుకుపోకుండా సున్నంలో గొర్రె కొవ్వు కరిగించి పోసేది, తండ్రి చెప్పినట్టే.

ఎందుకూ అంటే, మా తోర్సే దీవికి ఓడరేవు అనదగ్గది ఏమీ లేదు, ఒక చిన్న వంపు తప్ప. ఆ వంపు ముఖద్వారంలో, దక్షిణం పక్కన, నీళ్ళ కింద ఒక బండ ఉంది. దాన్ని మేము ముసల్ది అంటాం. ఒడ్డున ఉన్నప్పుడే అంటాం లెండి. పడవలో కూర్చున్నాక దాని పేరెవరూ ఎత్తరు, ‘ఆవిడ’ అంటారు. ఆవిడ తిన్న పడవల లెక్క మా చర్చి గోడ మీద రాళ్ళలో చెక్కి ఉంది. ఆవిడ పక్కనుంచి క్షేమంగా రావడానికి ఒకే ఒక్క దారి. వెనక కొండ మీద గొడ్డలితో కొట్టినట్టు ఒక నొక్కు ఉంటుంది. సరిగ్గా ఆ నొక్కు కింద తెల్లగోడ కూర్చునేదాకా పడవని జరుపుకోవాలి. కూర్చుందా, ఇక కళ్ళు మూసుకుని వచ్చేయొచ్చు.

అందుకే మా దీవిలో ఒక కట్టుబాటుంది. సముద్రంలోంచి కనిపించే దేన్ని మార్చాలన్నా ముందు పడవలవాళ్ళకి చెప్పాలి. ఓస్లా వాళ్ళమ్మ కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో ముచ్చటపడి తలుపుకి ఎర్రరంగు వేసుకుంటే, సాయంత్రానికి ఏడుగురు మగవాళ్ళు టోపీలు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారట. కోపంగా కూడా కాదు, ఎంతో మర్యాదగా. మర్నాడు పొద్దున్నకల్లా తలుపు మళ్ళీ నల్లబడింది.

తండ్రికి మోకాళ్ళు పడిపోయిన ఏడు, కొడుకు రాస్మికి పడవ ఇచ్చాడు, కూతురు ఓస్లాకి కుంచె ఇచ్చాడు. అప్పుడామెకి పంతొమ్మిదేళ్ళు. “వాడు పోతాడు, నువ్వు తీసుకురా,” అన్నాడు. అంతకంటే ఎక్కువ మాట్లాడే మనిషి కాదాయన.

ఆ తరవాత ఓస్లా జీవితంలో చెప్పుకోదగ్గవి ఏం జరిగాయని అడిగితే ఆవిడే నవ్వేది. ఒక వేసవి లెర్విక్ పట్నంలో హెర్రింగు చేపలు చీరే పనికి వెళ్ళింది. అక్కడ యెల్ దీవి కుర్రాడొకడు పెళ్ళాడతానన్నాడు. వాడి మాటలన్నీ వాడి గొర్రెల గురించేనట. “గొర్రెలు మాకూ ఉన్నాయి” అని చెప్పి పడవెక్కి వచ్చేసింది. ఆ తరవాత దీవి పోస్టాఫీసు చూసుకుంది. స్వెట్టర్లు అల్లింది. రాస్మీ పెళ్ళి చేసుకోలేదు. అన్నాచెల్లెళ్ళిద్దరూ పుట్టిన ఇంట్లోనే ఒకళ్ళనొకళ్ళు సాధించుకుంటూ ముసలివాళ్ళయ్యారు.

రాస్మి నోరు మంచిది కాదు. మనసు మంచిదే, కానీ అది బయటికి రావాలంటే నోటి మీదుగానే రావాలి కదా, అక్కడే పాడయ్యేది. తొంభై రెండులో చేపల సంఘంవాళ్ళు చిన్న పడవలన్నిటికీ దారి చూపించే యంత్రాలు పంచారు. అప్పట్నుంచీ మే నెల వచ్చిందంటే ఆయనకి పండగ.

“ఏమే, బయల్దేరావా? ఎవరికోసమే ఆ సున్నం, గొర్రెలు చూసి మురిసిపోవడానికా?”

“నీ కళ్ళకోసం.”

“నా కళ్ళకి మిషనుంది. నొక్కితే చాలు, ఇల్లు ఎక్కడుందో, వంటింట్లో ఏం ఉడుకుతోందో అన్నీ చెప్తుంది.”

“అయితే ఆ వంట కూడా దాన్నే చెయ్యమను.”

ఇలా పైకి జవాబిచ్చేది గానీ, ఆ మాట లోపలికి దిగేది. ఒకప్పుడు పదకొండు పడవలు ఆ గోడని చూసుకుని ఇల్లు చేరేవి. ఇప్పుడు ఉన్నవి రెండు. రెండోది మోకాలి ఆపరేషనుకి వెళ్ళిన గిబ్బీది, అది గడ్డి మీద బోర్లా పడుకుని ఉంది. మిగిలిన ఒక్కడికీ మిషనుంది. మరి నేను చేస్తున్నదేమిటి అని నిచ్చెన మీద నిలబడి చాలాసార్లు అనుకుంది.

తొంభై ఆరు వసంతంలో తవ్వకాలవాళ్ళు వచ్చారు. వాళ్ళ పెద్ద మోర్వెన్, ముప్పై ఐదేళ్ళ మనిషి, మోకాళ్ళ దాకా ఎప్పుడూ మట్టే. ఆ గోడ పునాదుల కింద, వెయ్యేళ్ళనాడు నార్వే నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ ఇల్లు ఉందని ఆమె కనిపెట్టింది. వాళ్ళు మాకు కొత్తవాళ్ళేం కాదు. మా ఇంటిపేర్లు, మా కొండల పేర్లు, ముందూ వెనకా మొన ఉండే మా పడవలు, అన్నీ వాళ్ళవే. అయినా వాళ్ళ పొయ్యి ఎలా ఉంటుందో ఎవరు చూశారు? దీవంతా ఒకసారి వెళ్ళి చూసొచ్చింది. ఓస్లా మాత్రం రోజూ వెళ్ళింది. రొట్టెలు, రూబార్బ్ జాము పట్టుకుని వెళ్ళేది. వారం తిరిగేసరికి ఆవిడ చేతికి కూడా ఒక చిన్న తాపీ ఇచ్చారు.

మూడో వారంలో ఆవిడ తాపీకే బలపపు రాయి ఒకటి తగిలింది. కోడిగుడ్డంత ఉంది, మధ్యలో గాడి.

“గేలపు తాడుకి కట్టే బరువు!” మోర్వెన్ ఎగిరి గంతేసినంత పని చేసింది. “వెయ్యేళ్ళది, ఓస్లా గారూ!”

“మా నాన్నది ఇలాంటిదే మా పడవల చావడిలో మేకుకి వేలాడుతోందమ్మాయ్,” అంది ఓస్లా. వెళ్ళి తెచ్చి చూపించింది కూడా. రెండూ పక్కపక్కన పెట్టి ఫొటో తీశారు. ఆవిడ చెప్పిన మాటలు ఒక అట్ట పుస్తకంలో రాసుకున్నారు. అరవై మూడేళ్ళలో ఆవిడ మాట ఒకళ్ళు రాసుకోవడం అదే మొదలు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, పై ఊరి వైద్యుడొచ్చి ఆకు కోసుకుంటే చెట్టుకి ఎంత సంబరం!

ఆ సంబరంలోనే తప్పు జరిగింది. మే నెల రాగానే మోర్వెన్ మొహమాటపడుతూ అడిగింది. “ఈ ఒక్క ఏడూ సున్నం ఆపగలరా? గోడ అడుగున పాత రాళ్ళు కనిపిస్తున్నాయి. సున్నం పడితే వాటి కీళ్ళు మూసుకుపోతాయి.”

ఓస్లా గోడ వైపు చూసింది. మిషను గుర్తొచ్చింది, రాస్మి వెక్కిరింపు గుర్తొచ్చింది. “ఆపుతాలే. ఇప్పుడు దాన్ని చూసేవాళ్ళెవరు?” అంది. నిచ్చెన గోడకే ఆనించి వచ్చేసింది. కట్టుబాటు ప్రకారం పడవలవాళ్ళకి చెప్పాలి కదా? ఉన్న పడవలవాడు తన ఇంట్లోనే ఉన్నాడు. చెప్తే ఇంకోసారి నవ్వుతాడు. చెప్పలేదు. శీతాకాలపు గాలికి సగం ఊడిన గోడ జూన్‌కల్లా కొండరంగులో కలిసిపోయింది. రాస్మి కూడా ఏమీ అడగలేదు.

మోర్వెన్‌ని ఒక ప్రశ్న మాత్రం వదల్లేదు. గుట్ట మీద నీళ్ళు లేవు, గాలికి అడ్డం లేదు. కింద ఊటబావి పక్కన చక్కని చోటు వదిలేసి, ఆ నార్వేవాళ్ళు కోరి కోరి ఇక్కడెందుకు కట్టారు? టీ తాగేటప్పుడల్లా వాళ్ళలో వాళ్ళు అదే వాదించుకునేవారు. ఓస్లాని ఎవరూ అడగలేదు. అంత చదువుకున్నవాళ్ళు అడగందే చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు.

జూలైలో ఒకరోజు రాస్మి తెల్లవారుజామున ఐదింటికి హాడక్ చేపలకి వెళ్ళాడు. రాత్రికి వాన పడుతుందని రేడియో చెప్పిందని, తవ్వితే బయటపడ్డ పాత పొయ్యి బూడిద తడవకుండా పదింటికి మోర్వెన్‌వాళ్ళు గుంట మీద పెద్ద గుడారం వేశారు. గోడకి ముప్పై అడుగుల దూరంలో, దక్షిణంగా. తెల్లని కొత్త గుడ్డ. ఓస్లా కూడా తాళ్ళు కట్టింది.

మధ్యాహ్నం మూడింటికి సముద్రం మీద నుంచి మంచు పాకుతూ వచ్చింది. వేసవిలో మాకది మామూలే. నీళ్ళ మీద మందంగా పరుచుకుంటుంది, కొండల తలలు మాత్రం పైన తేలుతుంటాయి. మంచుతో గాలి తిరిగితే గుడారానికి ఇంకో తాడు కావాలంది మోర్వెన్. తాడు కోసం ఓస్లా ఒడ్డునున్న రాస్మి చావడికి దిగింది.

వలల వెనక తాడు లాగుతుంటే ఒక అట్టపెట్టె బయటపడింది. దాని మీద గుండ్రంగా టీ కప్పు మరకలు, ఒకదాని మీద ఒకటి, నాలుగేళ్ళవి. మూత తీసింది. లోపల మిషను. పైన చుట్టిన పల్చటి కవరు కూడా చింపలేదు.

ఓస్లాకి ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. తరవాత అన్నీ ఒకేసారి అర్థమయ్యాయి. బయటికి పరుగెత్తి పైకి చూసింది. కొండ నొక్కు స్పష్టంగా ఉంది. దాని కింద గోడ లేదు. బూడిదరంగు మంచులో బూడిదరంగు గోడ ఎక్కడ కనిపిస్తుంది? దానికి పక్కన, ముప్పై అడుగుల అవతల, గుడారం తెల్లగా మెరుస్తోంది. సరిగ్గా సున్నం వేసిన గోడలాగా.

గుడారాన్ని నొక్కు కింద కూర్చోబెట్టుకున్నవాడు నేరుగా ముసల్దాని ఒళ్ళోకి వస్తాడు.

పడవలో రేడియో లేదు. ప్రాణరక్షక పడవ రావాలంటే గంటన్నర. అరవై మూడేళ్ళ మనిషి ఆ గుట్ట ఎలా ఎక్కిందో ఆవిడకే తెలియదు. ఒక బూటు దారిలో బురదలో ఉండిపోయింది.

“విప్పండి! గుడారం విప్పేయండి!”

“ఓస్లా గారూ, ఏమైంది? లోపల పొయ్యంతా తెరిచి ఉంది...”

“అన్నయ్య దాన్ని చూసుకుని వస్తాడే అమ్మాయ్! అది గోడ అనుకుంటాడు! గోడ తెల్లగా లేదు, నేను వెయ్యలేదు, నేనే...” ఊపిరందక అక్కడే కూర్చుండిపోయింది.

మోర్వెన్ గుడారం వైపు చూసింది, గోడ వైపు చూసింది, సముద్రం వైపు చూసింది. తెలివైన పిల్ల. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. “తాళ్ళు కొయ్యండి,” అని అరిచింది. “విప్పుతూ కూర్చోకండి, కోసేయండి!”

గుడ్డ కిందికి వచ్చేసరికి మంచులోంచి ఇంజను చప్పుడు వినిపించింది. టుకు టుకు టుకు. దగ్గరగానే ఉంది.

“ఇప్పుడు గోడ మీదకి!” ఓస్లా లేచింది. మే నెల నుంచీ గోడకి ఆనించి ఉన్న నిచ్చెన అప్పుడు పనికొచ్చింది. ఇద్దరు పైకెక్కి గుడ్డ లాగారు, ఆరుగురు కింద నుంచి తోశారు.

ఇంజను ఆగిపోయింది.

అలా ఆగడానికి కారణం ఒకటే ఉంటుందని ఓస్లాకి తోచింది. అందరూ గుడ్డ పట్టుకుని అలాగే నిలబడ్డారు. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఓస్లా రెండు చేతులతో గుడ్డ అంచు గోడకేసి నొక్కిపట్టి, రాళ్ళకి నుదురు ఆనించింది. అన్నయ్యా, తిట్టుకో, వెక్కిరించు, ఏమైనా అను, వచ్చేయ్ అని లోపల లోపల గొణుక్కుంది. ఆవిడ ప్రార్థన అంతే.

ఎంతసేపైందో ఎవరూ చూడలేదు. మళ్ళీ టుకు టుకు మొదలైంది. ఈసారి చప్పుడు ఉత్తరం వైపు జరిగింది. జరిగి, తిన్నగా రావడం మొదలుపెట్టింది. మంచులోంచి ముందు పడవ ముక్కు వచ్చింది, తరవాత రాస్మి ఎర్రటోపీ వచ్చింది. పైనున్న వాళ్ళంతా ఒక్కసారి కేకలు పెట్టారు.  ఓస్లా మాత్రం గోడ మొదట్లో గడ్డి మీద చతికిలబడింది.

ఒడ్డుకి దిగేసరికి రాస్మి పడవ లాగుతున్నాడు. “ఏంటే ఈ జాతర? ఆ గోడకి ఎవరే చీర కట్టింది? నీ రెండో బూటేదీ?”

ఓస్లా వెళ్ళి వీపు మీద రెండు పిడిగుద్దులు గుద్దింది. తరవాత చేపల బుట్టతో సహా వాటేసుకుంది.

“మిషను! పెట్టెలో పెట్టి దాని మీద టీ తాగుతావా! నాలుగేళ్ళు నాతో అబద్ధమాడతావా!”

రాస్మి మొహం ఎర్రబడింది. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. “దాన్ని చూస్తే కళ్ళు లాగుతాయే,” అన్నాడు. “గోడ పాడైపోతోందని జూన్ నుంచీ చూస్తూనే ఉన్నా. అడుగుదామంటే ఏ మొహం పెట్టుకుని అడగను? ఇవాళ మంచులోంచి తెల్లగా కనిపించింది. హమ్మయ్య, దీనికి బుద్ధొచ్చింది, సున్నం వేసింది అనుకున్నా. తిన్నగా దాని మీదికే వస్తున్నా. ఉన్నట్టుండి మాయమైపోయింది. గోడ మాయమవడమేంటి? ఇంజనాపి కిందకి చూస్తే పక్కనే, తెడ్డు పెడితే తగిలేంత దగ్గర్లో, నాచు ఊగుతోంది.” గొంతు తగ్గించాడు. “ఆవిడ జుట్టు.”

పడవని ఇంకో రెండడుగులు పైకి లాగాడు.

“తెడ్డేసి వెనక్కి లాగా. తల ఎత్తేసరికి గోడ మళ్ళీ ఉంది, ఉండాల్సిన చోట. దాని కిందకి వచ్చేశా. ఇంతకీ ఇంట్లో టీ ఉందా?”

టీ వంటింట్లోనే, అందరికీ. ఎండబెట్టిన ఉప్పు మాంసం సూపు కూడా. మోర్వెన్ ఆలస్యంగా వచ్చింది. గుంట మీద పాత పట్టాలు కప్పి వచ్చింది.

“పొయ్యి ఏమైందమ్మాయ్?” ఓస్లా భయపడుతూనే అడిగింది.

“వెయ్యేళ్ళ బూడిద మధ్యలో ఒక బూటు గుర్తు, పది నంబరు.” మోర్వెన్ కప్పు చుట్టూ చేతులు కాచుకుంది. “పోనీలెండి. ఆ ఇంటివాళ్ళు చూసినా తొక్కమనే అనేవారు.” తరవాత ఏదో తట్టినట్టు కప్పు కింద పెట్టింది. “ఓస్లా గారూ, వాళ్ళు నీళ్ళు లేని గుట్ట మీద ఇల్లెందుకు కట్టారంటారు?”

“ఇంకెక్కడ కడతారు?” అంది ఓస్లా ఆశ్చర్యంగా. “సముద్రం మీదకి వెళ్ళినవాడికి ఇల్లు కనపడొద్దూ?”

 మోర్వెన్ అట్ట పుస్తకం తీసి ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకుంది.

వాన రెండు రోజులు కురిసింది. మూడో రోజు ఎండ కాసింది. ఓస్లా సున్నం కలుపుతుంటే మోర్వెనే వచ్చి కొవ్వు కరిగించింది. పాత రాళ్ళ కొలతలన్నీ ముందే రాసుకున్నారు. గోడంత వయసు దాని సున్నానికీ ఉందని ఆమె అప్పుడు చెప్పింది. గోడ మూలన రాలిన ఒక పెచ్చులో ఆమె పొరలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఓస్లా వేసినవి నలభై నాలుగు. ఆ కింద వాళ్ళ నాన్నవి, ఆయన మేనత్తవి, ఇంకా ఎవరెవరివో. మూడు వందలు దాటాక పొరలు కలిసిపోయి లెక్క తేలలేదు. రాస్మి ఒక్క వెక్కిరింపు లేకుండా బకెట్లు మోశాడు. అదే అందరికీ వింతగా ఉంది.

సాయంత్రం ఆయన చావడి ముందు నిలబడి పిలిచాడు. “రా, పడవెక్కు.”

“ఆడది పడవెక్కితే చేపలు చిక్కవన్నావుగా ఇన్నేళ్ళూ.”

“చేపలకి కాదులే. ఎక్కు.”

ఓస్లా ఇతర దీవులకి వెళ్ళింది పెద్ద పడవలోనే, అది ఈ వంపులోకి రాదు, దీవి అవతలి పక్కన ఒడ్డుకి దూరంగా ఆగుతుంది. ఈ వంపు దాటి బయటికి వెళ్ళడం ఆవిడకి అదే మొదటిసారి. రాస్మి ముఖద్వారం దాటించి, ఇంజనాపి, పడవని వెనక్కి తిప్పాడు.

“ముసల్ది ఎక్క...”

“పేరెత్తకు!”

“సరే, ఆవిడ ఎక్కడ?”

“కుడి పక్కన. ఆవిడని కాదు, అటు చూడు.”

ఓస్లా చూసింది. పచ్చని కొండ, దాని నెత్తిన నొక్కు, ఆ నొక్కు కింద గోడ. పక్కన నిలబడి చూస్తే చెయ్యి అందనంత పెద్ద గోడ, ఇక్కడి నుంచి గోరంత ఉంది. కానీ ఆ కొండ మొత్తంలో కన్ను ముందు వెళ్ళేది దాని మీదికే. నలభై నాలుగేళ్ళు ముక్కుకి ఆనించుకుని చూసిన దాన్ని, అది ఎవరికోసమో వాళ్ళ చోటు నుంచి ఆవిడ ఒక్కసారీ చూడలేదు.

“రోజూ ఇక్కడికొచ్చాక ఇంజను తగ్గించి, కాసేపు చూసి వస్తా,” అన్నాడు రాస్మి, నీళ్ళకేసి చూస్తూ. “చేపలు పడ్డా, పడకపోయినా. ఇంట్లో దీపం పెట్టినట్టు ఉంటుంది.”

 ఓస్లా కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి, ధారగా, ఆవిడ తుడుచుకోలేదు.

“ఏడవకే,” అన్నాడు రాస్మి, ఇంజను తాడు లాగుతూ. “పడవలో నీళ్ళు తోడే డబ్బా ఇంట్లో మర్చిపోయాను.”